డీలర్ వేషం వద్దు, క్యూలో నిలబడండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నాటక సమాజాల మిత్రులకు నమస్కారం. ప్రపంచ రంగస్థల దినోత్సవం కదా, నాటకం గొప్పతనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ నాలుగూ నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పేశారు. నేను ఇటుక బట్టీల కూలీలతో ఆడే నాటకం దగ్గరికి నేరుగా వచ్చేస్తాను.

ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి, కొత్త పంట పండగ నువాఖాయ్ దాటాక, సర్దార్ అనే కూలీల దళారీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, కాంటాబంజిలో రైలెక్కి మన పెద్దపల్లి, రంగారెడ్డి బట్టీలకు కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. వానల ముందు తిరుగు రైలు. వాళ్ళ మీద మనవాళ్ళు నాటకాలు వేస్తూనే ఉన్నారు. ఏం వేస్తున్నారు? యజమాని మీసం తిప్పుతాడు, కూలీ ఏడుస్తాడు, చివర్లో కలెక్టరు దిగుతాడు. చప్పట్లు. బ్యానర్ దగ్గర ఫొటో. చప్పట్లు కొట్టినవాళ్ళలోనే, రేపు రేషన్ షాపు ముందు "ఏయ్, బట్టీవాళ్ళు వెనక్కి జరగండి" అనేవాడూ ఉంటాడు. నా గొడవంతా వాడితోనే.

నేను చెప్పే నాటకం ఫోరం థియేటర్, అంటే చూసేవాళ్ళే లేచి పాత్రల్లోకి వచ్చి కథ మార్చే నాటకం. అది పుట్టింది ఇలాంటి అసంతృప్తి నుంచే. బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోల్‌ను 1971లో సైనిక ప్రభుత్వం పట్టుకుని హింసించి దేశం వదిలేలా చేసింది. 1973లో పెరూలో అక్షరాస్యత ఉద్యమంలో పనిచేశాడు. అక్కడ ఒకావిడ తన గోడు చెప్పింది. భర్త కొన్ని కాగితాలిచ్చి, ఇవి ఇంటి రసీదులు, దాచిపెట్టు అన్నాడట. ఆవిడకు చదువు రాదు. పక్కింటామెతో చదివిస్తే అవి ఇంకొకత్తె రాసిన ప్రేమలేఖలు! రాత్రి మొగుడు ఇంటికొస్తే ఏం చెయ్యాలి? జనం సలహాలిస్తే నటులు ఆడి చూపించేవాళ్ళు. జనంలోంచి ఓ బలమైన ఆడమనిషి లేచి, వాడితో గట్టిగా మాట్లాడి తర్వాత క్షమించాలంది. నటి ఎన్నిసార్లు ఆడినా ఆమెకు తృప్తి లేదు. చివరికి బోల్, నువ్వే వచ్చి చూపించమ్మా అన్నాడు. వచ్చింది, చీపురు తీసింది, మొగుడు వేషం వేసినవాణ్ణి ఉతికేసింది! ఆమె మనసులోని 'గట్టిగా మాట్లాడడం' ఆ నటికి ఎట్లా తెలుస్తుంది? వెనక నవ్వుతున్నవాళ్ళూ, కాస్త వినండి, అసలు సంగతి ఇక్కడే ఉంది. కష్టం ఎవరిదో వాళ్ళే స్టేజీ ఎక్కాలి.

మూడు అంశాలు రాసుకొచ్చాను. రెండు వదిలేస్తున్నాను, పని ఎలా చెయ్యాలో చెబుతాను.

మొదట మాటలు వద్దు. ఐదుగురేసి జట్లు చేసి, "ఇక్కడ మిమ్మల్ని ఎవరెలా చూస్తారు" అని అడిగి, మాట లేకుండా, బొమ్మల్లా కదలకుండా నిలబడి ఒంటితోనే చూపించమనండి. బలంగీర్ వైపు వాళ్ళు మాట్లాడేది సంబల్‌పురి. కటక్ ఒడియా వచ్చిన దుబాసీని పెట్టుకుని అంతా సర్దుకుందనుకోవద్దు. ఆ బొమ్మల్లోంచి ఒక ఘట్టం తీసుకోండి. పది పన్నెండు నిమిషాలు, ఐదు పాత్రలు, అంతకు మించొద్దు. మూడు బట్టీల సంగతులు కలిపి ఒకటి చెయ్యండి. ఫలానా యజమాని అని ఆనవాలు తెలిసిందా, మీరు బస్సెక్కాక దెబ్బలు తినేది వాళ్ళే.

రేషన్ షాపు ఘట్టం చూడండి. వన్ నేషన్ వన్ రేషన్ కార్డు మీద ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చు. ఆమె ఈ-పాస్ మిషన్ మీద బొటనవేలు పెడుతుంది. మట్టి పిసికి పిసికి గీతలు అరిగిపోయాయి, పడదు. చూపుడు వేలు పెడుతుంది. అదీ పడదు. డీలర్ "మీ ఊళ్ళో తీసుకోపో" అంటాడు. వెనక ఇద్దరు విసుక్కుంటారు, ఒకడు మాత్రం తల దించుకుని ఫోన్ చూస్తుంటాడు. ఆమె ఖాళీ సంచితో వెళ్ళిపోతుంది. అంతే. ఓడిపోవాలి, కానీ గెలవడానికి సందున్న చోట ఓడిపోవాలి. అన్ని దారులూ మూసేస్తే జనం అయ్యో అంటారు తప్ప లేవరు.

అదే ఘట్టాన్ని రెండోసారి కాస్త వేగంగా ఆడతారు. ఎవరైనా "ఆపు" అని అరిచి ఒక పాత్ర స్థానంలోకి రావచ్చు. నిర్వాహకుణ్ణి జోకర్ అంటారు. తీర్పు చెప్పడం అతని పని కాదు, అడగడమే: "ఇది మీ దగ్గర జరుగుతుందా?" ఎవరో వచ్చి డీలర్‌ను చెంప మీద కొడతాడు. రేపటి బియ్యం సంగతేమిటని అడగండి. వేలిముద్ర బదులు ఐరిస్‌తో, అంటే కంటిపాపతో చూడమని ఒకామె నిలదీస్తుంది. డీలర్ వేషధారి వెంటనే ఒప్పుకోకూడదు, "మిషన్ పాడైంది" అని అడ్డం తిరగాలి. మెత్తబడితే ఆమె నేర్చుకునేదేమీ ఉండదు. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు, ఐదారుగురు వస్తే చాలు. దుబాసీ ఉంటే సమయం రెట్టింపు.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, మన తెలుగువాడు ఉత్సాహంగా వచ్చి డీలర్ స్థానం అడుగుతాడు. మంచి డీలర్‌గా మారి బియ్యం పోస్తాడు. ఇవ్వొద్దు! చేతులెత్తి దండం పెడతాను, ఆ వేషం ఇవ్వొద్దు. యజమాని మంచివాడైపోతే సమస్య ఎగిరిపోతుంది, నాటకంలో మాత్రమే. అతన్ని క్యూలో ఫోన్ చూస్తున్నవాడి స్థానంలో నిలబెట్టండి. అక్కడ ఏం మాట్లాడతాడో తేల్చుకోమనండి. గల్ఫ్‌లో మనవాళ్ళకు జరిగిన అవమానాలు గంటసేపు చెప్పగల మనిషి, అక్కడ నిలబడితే రెండు ముక్కలు రాక గుటకలు మింగుతాడు.

బట్టీలో ఆడొద్దు, యజమాని మనుషుల ముందు ఎవరూ నోరు విప్పరు. వారం ఖర్చులు చేతికొచ్చి సంతకు వచ్చే రోజు చూసుకోండి. ముందు కూలీలకే ఆడండి, ఊరివాళ్ళతో కలిపి తర్వాత.

ఆట అయ్యాక ఎవరో ఒకరు కాగితం పట్టుకోవాలి. బోల్ 1993 నుంచి 1996 దాకా రియో నగర కౌన్సిలర్‌గా ఉండి, ఇలాంటి ఆటల్లోంచి వచ్చిన సూచనలతో 13 చట్టాలు తెచ్చాడు. మనకు చట్టం ముందే ఉంది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద, అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టేస్తే ఆ అప్పే చెల్లదు. కలెక్టరుకో ఆర్డీవోకో అర్జీ పెట్టాలి, విడుదల పత్రం అడగాలి. రేషన్ అర్జీ వేరే కాగితం, అది తహసీల్దారుకు. రెండూ కలిపి రాస్తే రెండూ ఆగిపోతాయి. ఇచ్చిన ప్రతి అర్జీకీ రసీదు తీసుకోండి. టైమైపోయిందని చీటీ వచ్చింది, ఆపుతున్నాను. జట్టుకు ఐదుగురు చొప్పున పేర్లు ఆ బల్ల దగ్గర రాయించండి.