రిపేరు కాంట్రాక్టులో గొడవ ఎక్కడ మొదలవుతుంది?

"అగ్రిమెంట్ మీద సంతకాలు అయిపోయాయి కదా, ఇక అంతా కాంట్రాక్టర్ చూసుకుంటాడు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. సంతకం పెట్టే రోజుకి రెండు పక్షాల చేతిలోనూ ఉండేది అంచనా మాత్రమే. రిపేరు పనిలో అయితే, అసలు పని ఎంతో తెలిసేది పగలగొట్టాకే.

నమస్కారం అండీ. కొటేషన్లు ఎలా తీసుకోవాలి, కాంట్రాక్టర్‌ని ఎలా ఎంచుకోవాలి అన్నవి మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. పని మొదలయ్యాక ఏం చేయాలన్నదే ఈ వీడియో.

[తెరపై: పెచ్చులూడిన స్లాబ్ అడుగు భాగం, బయటపడ్డ తుప్పు చువ్వలు]

ఈ స్లాబ్ చూడండి. కింద నిలబడి చూస్తే పది చదరపు మీటర్లు పాడైనట్టు కనిపిస్తుంది. ఎస్టిమేట్‌లో పది అనే రాస్తారు. కానీ ఇనుము తుప్పు పడితే, తిన్న ఇనుము కంటే ఆ తుప్పు రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీట్ లోపల్నుంచే విడిపోతుంది. పైకి నున్నగా ఉన్న చోట సుత్తితో తట్టండి, డొల్ల శబ్దం వస్తుంది. అలా తట్టుకుంటూ పోతే పది కాస్తా పద్దెనిమిది అవుతుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. రిపేరు పని స్వభావమే అంత.

మరి గొడవ ఎప్పుడు వస్తుంది? ఆ పద్దెనిమిదినీ ఎవరూ కొలవకుండా పూత పూసేసినప్పుడు. బిల్లులో కాంట్రాక్టర్ ఇరవై రెండు అంటాడు, మీరు పద్నాలుగు అంటారు. ఇద్దరూ నిజాయితీగానే చెబుతుండవచ్చు. కానీ తేల్చే ఆధారం కొత్త పూత కిందకి వెళ్లిపోయింది.

అందుకే నేను పట్టుబట్టేది ఒక్కటే: కప్పేసే ముందు కొలవాలి. డొల్ల ఉన్న చోటల్లా సుద్దతో గీత గీయండి. టేపు కనిపించేలా ఫొటో తీయండి. మెజర్‌మెంట్ బుక్‌లో అదే రోజు రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. గోడలోకి వెళ్లే పైపు, నేలలోకి వెళ్లే పునాది, టైల్స్ కిందకి వెళ్లే వాటర్‌ప్రూఫింగ్, అన్నిటికీ ఇదే పద్ధతి.

ఇలాంటి పనికి కొలతతో సంబంధం లేకుండా, పని మొత్తానికి ఇంత అని ఒకే సొమ్ము మాట్లాడుకోవడం నాకు అసలు నచ్చదు. ఎంత ఎక్కువ పగలగొడితే అంత నష్టం అని తెలిసినప్పుడు, డొల్ల వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది? చదరపు మీటరుకి ఇంత అని పెట్టుకుంటే, లోపం దాచాల్సిన అవసరం కాంట్రాక్టర్‌కి ఉండదు.

మళ్లీ మన స్లాబ్‌కే వద్దాం. పెచ్చు తీశాక చూస్తే చువ్వలు బాగా సన్నబడ్డాయి, కొత్తవి జత చేయాలని ఇంజినీర్ అన్నారు. అగ్రిమెంట్‌లో ఆ పని లేదు. అప్పుడు వచ్చే మాట: "ముందు చేసేయండి, తర్వాత చూసుకుందాం." ఆ "తర్వాత" దగ్గరే ఎన్నో మంచి సంబంధాలు చెడిపోతాయి. చువ్వ ముట్టుకునే ముందే మూడు విషయాలు రాసుకోండి: ఏం పని, ఏ రేటు, ఎన్ని రోజులు అదనం. డబ్బు అందరూ రాస్తారు, రోజులు మర్చిపోతారు. తీరా చివర్లో ఆలస్యానికి జరిమానా అంటే అది న్యాయం కాదు కదా! ఫిడిక్ అని ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఒకటుంది, దాని నమూనా ఒప్పందాలు ప్రపంచమంతా వాడతారు. వాటిలో నిర్మాణ పనులకు ఉద్దేశించిన 1999 నాటి రెడ్ బుక్ ప్రకారం, అదనంగా డబ్బు గానీ గడువు గానీ కోరే కాంట్రాక్టర్, అందుకు కారణమైన సంగతి తనకు తెలిసిన 28 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. లేకపోతే ఆ హక్కే పోతుంది. అంత పెద్ద పనులకే అంత కచ్చితం అవసరమైతే, మన స్లాబ్‌కి ఒక అర పేజీ రాయలేమా?

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

బిల్లు: "సగం పని అయింది, సగం డబ్బు" అనే లెక్క వద్దు. కొలిచి, నాణ్యత చూసి ఒప్పుకున్న పనికే చెల్లించండి. కానీ ఒప్పుకున్న బిల్లుని మాత్రం గడువు దాటనివ్వకండి. కూలి అందకపోతే మనుషులు వేరే పనికి వెళ్లిపోతారు, ఆ తప్పు మనదే.

రిటెన్షన్, అంటే హామీగా ఆపి ఉంచే డబ్బు: ప్రతి బిల్లులో సాధారణంగా 5 నుంచి 10 శాతం ఆపుతారు. పని పూర్తయ్యాక సగం, లోపాల బాధ్యత గడువు (బయటపడ్డ లోపాల్ని కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) ముగిశాక మిగతా సగం ఇవ్వడం వాడుక. ఆ గడువు ఏ తేదీన మొదలవుతుందో కాగితం మీద ఉండాలి.

పరీక్ష: స్లాబ్ పైన వాటర్‌ప్రూఫింగ్ కూడా చేయిస్తే, టైల్స్ వేయకముందే కనీసం 24 గంటలు నీళ్లు కట్టి ఉంచి, కింద చెమ్మ చూడండి. ఆ నీళ్ల బరువు స్లాబ్ మోయగలదో లేదో ముందే ఇంజినీర్‌ని అడగండి.

పని మధ్యలో సిమెంటు, ఇనుము ధరలు పెరిగితే ఎవరు భరించాలన్నది పెద్ద విషయం. దాన్ని వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం.