స్టోర్స్ కిటికీ దగ్గర స్టూలు

నమస్కారమండీ. ఈమధ్య హెచ్ఆర్‌లో ఎంబీఏ చేస్తున్న ఒకమ్మాయి, "సార్, ఓడీలోకి రావాలని ఉంది, ఏ కోర్సు చేయాలి?" అని అడిగింది. ఓడీ అంటే ఆర్గనైజేషనల్ డెవలప్‌మెంట్. పుస్తకాల్లో సంస్థాగత అభివృద్ధి అని రాస్తారు గానీ, వింటే ఏదో సర్కారు శాఖ పేరులా ఉంటుంది. కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ పనేంటో చెప్పుకుందాం.

కొన్నేళ్ల కిందట ఒక ఫ్యాక్టరీవాళ్లు పిలిచి, ప్రొడక్షన్‌వాళ్లకీ స్టోర్స్‌వాళ్లకీ రోజూ గొడవే, రెండు రోజులు టీమ్ బిల్డింగ్ ట్రైనింగ్ పెట్టండి అన్నారు. ట్రైనింగ్ మాట పక్కన పెట్టి, స్టోర్స్ కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. బేరింగు కోసం ఒక కుర్రాడు ఇండెంటు, అంటే సామాను కావాలనే చీటీ, పట్టుకుని వస్తాడు, లోపలున్నాయన "సంతకం ఏదీ?" అంటాడు, సంతకం పెట్టాల్సిన ఆఫీసరేమో మేడ మీద మీటింగులో ఉంటాడు, కింద మెషిన్ ఆగిపోయి ఉంటుంది, కుర్రాడు పైకెళ్లి వచ్చేసరికి కిటికీ మూసి ఈయన భోజనానికి వెళ్లిపోతాడు. ఇక తిట్లు! ఇద్దరిలో ఎవరి బుద్ధీ చెడ్డది కాదు. చిన్న సామాన్లకు సూపర్‌వైజర్ సంతకం చాలు అని రూలు మార్చితే సరిపోయింది. దానికే మూడు వారాలు పట్టింది, ఎందుకంటే మేడ మీదాయనకు అది పరువు సంగతి. అసలు నేను జీతం పుచ్చుకున్నది ఆ మూడు వారాల కోసమే అనుకుంటాను.

ఓడీ అంటే ఇలాంటి పనే. ఇది కొత్త విద్యేం కాదు. అహ్మదాబాద్ కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి అనుకున్నంత పెరగలేదు. మనుషులు కలిసి పనిచేసే తీరును పరిశోధించే లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ 1953లో వచ్చి చూశాడు. చిక్కు మగ్గాల్లో లేదు, పని పంచిన తీరులో ఉంది. నేసేవాడు వేరు, కండెలు నింపేవాడు వేరు, నూనె వేసేవాడు వేరు, ఊడ్చేవాడు వేరు, ఒక్కొక్కరు చూసుకునే మగ్గాల లెక్క ఒక్కోలా ఉంటుంది, ఏ మగ్గమూ ఎవరిదీ కాదు. ఇన్ని మగ్గాలు ఈ జట్టువి అని అప్పగిస్తే, జట్టులో ఎవరుండాలో కార్మికులే తేల్చుకున్నారు. కుదురుకున్నాక ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే గుడ్డ తగ్గింది.

సరే, కోర్సు. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ముంబయి టిస్ లాంటిచోట్ల హెచ్ఆర్ చదవొచ్చు, సైకాలజీ ఎమ్మే అయినా పనికొస్తుంది, షాప్‌ఫ్లోర్‌లో మాడిన ఇంజనీర్లూ బాగా రాణిస్తారు. ఫ్రెషర్లకు నేరుగా ఓడీ ఉద్యోగాలు తక్కువ, చాలామంది హెచ్ఆర్‌లోనో ట్రైనింగ్‌లోనో చేరి మెల్లగా ఇటు వస్తారు. ఇంకోటి, ఇసాబ్స్ (ఇండియన్ సొసైటీ ఫర్ అప్లైడ్ బిహేవియరల్ సైన్స్) లాంటి సంస్థలు ల్యాబ్‌లు నడుపుతాయి, అంటే నలుగురిలో మనం ఎలా మెలుగుతామో మనకే తెలిసేలా చేసే శిబిరాలు, ఒకటికి వెళ్లండి. పదిమందిని గుండ్రంగా కూర్చోబెడతారు, ఎజెండా ఉండదు, పాఠం ఉండదు. మొదటి పూట నాకు ఒళ్లు మండింది. మూడో రోజున ఒకాయన, "మీరు వింటున్నట్టు తలూపుతారు గానీ వినరు" అన్నాడు. అదే మాట మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా అంటున్నారు!

ఆ అమ్మాయికి మాత్రం, ముందు ఏదైనా ఫ్యాక్టరీలో చేరి, షిఫ్టు మారే వేళ గేటు దగ్గర రోజూ ఓ పావుగంట నిలబడమ్మా అన్నాను. "మరి రెజ్యూమేలో అది ఏమని రాసుకోను సార్?" అంది.