పక్క కణం చెబితేనే ఎముక

(ఎముక ఎలా పెరుగుతుంది, మూలకణాలకు దారి ఎవరు చూపుతారు అన్న దానిపై నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఎముకల డాక్టర్, బయోటెక్నాలజీ లెక్చరర్, కనిగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతు.)

యాంకర్: నమస్కారం. పెద్దాయనతోనే మొదలుపెడదాం. మెట్లెక్కడానికి బాగా ఇబ్బంది పడ్డారు.

రైతు: నడుము వంగదమ్మా. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. చిన్నప్పుడు బావి నీళ్లు, తర్వాత బోరు నీళ్లు తాగాం. అందులో ఫ్లోరైడ్ ఉందని మాకెవరికి తెలుసు? ఎక్స్‌రే చూసి, నీకు ఎముక ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉందన్నారు. ఎక్కువుంటే బలం ఉండాలి గదా?

లెక్చరర్: ఈ ప్రశ్న కోసమే నేను ఇవాళ వచ్చాననిపిస్తోంది. ఎముకను మనం చీమకుర్తి రాయిలాంటిది అనుకుంటాం. కానీ అందులో రోజూ పని జరుగుతూనే ఉంటుంది. పాత ఎముకను కరిగించే కణాలు ఆస్టియోక్లాస్టులు. కొత్తది కట్టేవి ఆస్టియోబ్లాస్టులు. కట్టే కణాల్లో కొన్ని తాము కట్టిన ఎముకలోనే ఉండిపోతాయి, గోడ కడుతూ మేస్త్రీ గోడలోనే ఉండిపోయినట్టు. అలా ఉండిపోయినవే ఆస్టియోసైట్లు. పెద్దవాళ్ల ఎముకలోని కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. చాలాకాలం వీటి పని అయిపోయిందనుకున్నారు. నిజానికి పెత్తనం వీటిదే.

యాంకర్: మరి మూలకణాలు ఎక్కడొచ్చాయి?

లెక్చరర్: ఏ రకం కణం కావాలో ఇంకా తేలని కణాలవి, మూలుగలో ఉంటాయి. అవి ఎముక కణం కాగలవు, కొవ్వు కణం కాగలవు, మృదులాస్థి కణం కూడా కాగలవు. ఏది కావాలన్నది చాలావరకు చుట్టూ ఉన్న కణాల సంకేతాలను బట్టి తేలుతుంది. ఐర్లండ్‌లోని గాల్వేలో 2012లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎలుక మూలకణాలను ఆస్టియోబ్లాస్టులతో, ఆస్టియోసైట్లతో కలిపి పెంచి చూశారు. వాటిని ఎముక వైపు నడిపించడంలో ఆస్టియోసైట్ల ప్రభావమే ఎక్కువగా కనిపించింది. రెండు రకాలనూ కలిపి పెట్టినప్పుడు ఫలితం ఇంకా పెరిగింది. అంటే గోడలో ఉండిపోయిన పాత మేస్త్రీ కొత్త కూలీని తయారు చేస్తున్నాడు.

డాక్టర్: అది ల్యాబ్ పళ్లెంలో జరిగిన ప్రయోగమండీ. మనిషిలో ఇంకా చిక్కుగా ఉంటుంది.

లెక్చరర్: ఒప్పుకుంటాను. కానీ దారి చూపింది కదా సార్.

డాక్టర్: చూపింది. మనుషుల్లో దొరికిన సాక్ష్యం నేను చెబుతాను. దక్షిణాఫ్రికాలో కొన్ని కుటుంబాల వాళ్లకు పుట్టుకతోనే ఎముక మితిమీరి పెరుగుతుంది. పుర్రె మందమై నరాలు నలుగుతాయి, చెవుడు వస్తుంది. దానికి కారణమైన జన్యువు 2001లో దొరికింది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ స్క్లెరోస్టిన్. దాన్ని వదిలేది ముఖ్యంగా ఆస్టియోసైట్లే. ‘ఇక చాలు, కట్టడం ఆపండి’ అనే కబురు అది. మనం నడిచినప్పుడు, బరువు మోసినప్పుడు ఎముకలోని సన్నని కాలువల్లో ద్రవం కదులుతుంది. ఆస్టియోసైట్ ఆ కదలికను పసిగట్టి స్క్లెరోస్టిన్‌ను తగ్గిస్తుంది. అక్కడ ఎముక గట్టిపడుతుంది. నెలల తరబడి మంచాన పడితే ఇదంతా తలకిందులవుతుంది. అందుకే ఆపరేషన్ అయిన వాళ్లను వీలైనంత త్వరగా లేపి నడిపిస్తాం. ఇంట్లోవాళ్లు పాపం టెన్షన్ పడి, ఇంకో వారం పడుకోనివ్వమంటారు. స్క్లెరోస్టిన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్‌కు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం.

రైతు: మరి నా సంగతి సార్?

డాక్టర్: వస్తున్నా. ఎంత ఎముక, ఎక్కడ, ఎప్పుడు అన్నది పొరుగు కణాలు చెప్పాలి. ఫ్లోరైడ్ ఆ మాటతో పనిలేకుండా కట్టే కణాలను రెచ్చగొడుతుంది, ఎముక ఖనిజంలోనూ చేరిపోతుంది. అక్కర్లేని చోట, వెన్నుపూసల మధ్య కట్టులాగా ఉండే లిగమెంట్లలో కూడా ఎముక గట్టిపడుతుంది. మీ నడుము వంగకపోవడానికి కారణం అదే. ఒకప్పుడు ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకు ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. 1990లో అమెరికాలో 202 మందిపై చేసిన అధ్యయనం వెలువడింది. నాలుగేళ్లలో వెన్ను ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, వేరే ఎముకలు విరగడం పెరిగింది. ఎక్కువుంటే బలం ఉండాలి గదా అన్నారే, దానికి జవాబు ఇదే.

లెక్చరర్: ఇంకో సంగతి. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి వైద్య పత్రికల్లో 1937లో రాసినప్పుడు వ్యాసం పేరులోనే ‘నెల్లూరు జిల్లాలో’ అని పెట్టారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లావే. ఇన్నేళ్లయినా ఒక మనిషి నడుము వంగక ఈ కుర్చీలో ఇలా కూర్చోవాల్సి వచ్చిందంటే నాకు బాధగా ఉంది.

యాంకర్: మూలకణాల ఇంజెక్షన్ వేస్తే అన్నీ తగ్గిపోతాయని ప్రకటనలు చూస్తున్నాం.

డాక్టర్: అప్పు చేసి వెళ్లొచ్చినవాళ్లను నేను చూశాను. కణాన్ని ఒక్కదాన్నే తెచ్చి గుచ్చితే అది ఏం కావాలో ఎవరు చెబుతారు? విరిగి అతకని ఎముకకు మేం తుంటి పైభాగం నుంచి ఎముక ముక్క తీసి పెడతాం. అది ఎందుకు పనిచేస్తుందంటే కణాలు, అవి పట్టుకుని పెరిగే ఆధారం, సంకేతాలు మూడూ కలిసి వస్తాయి. 1965లో మార్షల్ యూరిస్ట్ కాల్షియం తీసేసిన ఎముక ముక్కను జంతువుల కండలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టింది. కండలోని కణాలకు ఆ కబురు చెప్పింది ముక్కలో మిగిలిన ప్రొటీన్లే.

రైతు: నాదెట్లాగూ అయిపోయింది. మనవడికి ఐదేళ్లు.

డాక్టర్: ఈ వయసే ముఖ్యం. శాశ్వత దంతాల పింగాణీ తయారయ్యే కాలం ఇది. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ బయటికి పోవడానికి ఏళ్లు పడుతుంది, అందుకే చేరకుండా చూడాలి. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు.

రైతు: మా వీధి బోరు నీళ్లు పట్టుకొచ్చా, సంచిలో ఉన్నాయి. యాడ ఇయ్యాలి?

లెక్చరర్: గాజు సీసాలో కాదు కదా?

రైతు: ప్లాస్టిక్ బాటిలేనమ్మా.

లెక్చరర్: అయితే నాకివ్వండి. రేపు మా ల్యాబ్‌లో పెట్టిస్తాను. మీ ఫోన్ నంబరు కూడా రాసివ్వండి.