చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది? ఎయిర్ రైఫిల్‌పై ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. ఆదివారం ఫోన్-ఇన్‌కి స్వాగతం. స్టూడియోలో మనతో రైఫిల్ షూటింగ్ కోచ్ గారు ఉన్నారు. పోయిన వారం వచ్చిన ఫోన్లలో చాలావరకు ఎయిర్ రైఫిల్, అంటే గాలి ఒత్తిడితో గుండు కాల్చే తుపాకీ చప్పుడు గురించే కాబట్టి ఇవాళంతా ఆ సంగతే మాట్లాడుకుందాం. నమస్కారమండి.

కోచ్: నమస్కారం. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట. గురి పెట్టే బోర్డు వెనకాల ఏముందో చూసుకోండి. గోడా, తలుపా, పక్కింటి పెరడా? అది తేలాకే చప్పుడైనా, గురి అయినా.

యాంకర్: భీమవరం నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి.

భీమవరం కాలర్: నమస్కారమండి. మావాడు తొమ్మిదో తరగతండి. డాబా మీద రేకుల షెడ్డులో పది మీటర్లు కొలిచి ప్రాక్టీసు పెట్టించాం. కింద పోర్షన్ వాళ్లు ఒకటే గొడవండి, ఢామ్ ఢామ్‌మని చప్పుడంటా. గన్నుకి ఏదన్నా తొడిగితే తగ్గుద్దా అండి?

కోచ్: స్ప్రింగు తోపుతో కాలేదా, గాలి నింపిన సిలిండరుదా?

భీమవరం కాలర్: సిలిండరుదేనండి. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిలు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం.

కోచ్: అయితే ఆ ఢామ్ మీ గన్నుది కాదు. ఆ పెల్లెట్ అర గ్రాము సీసం, సెకనుకు 170, 180 మీటర్ల వేగంతో పోతుంది, అంతే. గొట్టం దగ్గర గాలి వదిలిన చప్పుడు తప్ప ఏం రాదు. బోర్డు వెనకాల ఏం పెట్టారు?

భీమవరం కాలర్: పాత నూనె డబ్బా కోసి, స్లాబు మీద పెట్టామండి.

కోచ్: అదీ సంగతి. ఖాళీ నూనె డబ్బా అంటే డప్పే కదండీ. దాన్ని స్లాబు మీద పెట్టి కొడితే కిందింట్లో మోగకేం చేస్తుంది? డబ్బా వెనక మందపాటి చెక్క వెయ్యండి. లోపల పాత చీరలు, గుడ్డపేలికలు గట్టిగా కూరండి, వేలు దిగనంత గట్టిగా. అడుగున కొబ్బరిపీచు చాప రెండు మడతలు పరవండి. సగానికి పైగా పోతుంది. ఇంకోటి, పెల్లెట్ నేరుగా ఇనుముకి తగిలితే ముక్కలు వెనక్కి ఎగురుతాయి. అబ్బాయికి కళ్లద్దాలు ఉన్నాయా?

భీమవరం కాలర్: లేవండి. పెట్టిస్తానండి.

కోచ్: షెడ్డులో ఆ డబ్బా వెనకాల ఏముంది?

భీమవరం కాలర్: రేకండి. అవతల వీధి.

కోచ్: వీధా! అయ్యా, ఇవాళే ఆపండి. రేకు అడ్డనుకోకండి. డబ్బా పక్కకి ఒక్క పెల్లెట్ జారినా వీధిలో సైకిలు మీద పోయేవాడి కంట్లోకి పోవచ్చు. ఇటుక గోడ ఏ వైపుందో ఆ వైపుకి తిప్పి పెట్టుకోండి. ఆ తర్వాతే చీరలూ, చాపలూ.

యాంకర్: మంచి మాట. తర్వాత తణుకు... హలో? లైన్ కట్టయినట్టుంది. రాజోలు నుంచి ఒకరున్నారు. చెప్పండి.

రాజోలు కాలర్: ఆయ్, నమస్కారమండి. మాది రాజోలు దగ్గర లంకండి. మా నాన్నగారి ఎయిర్ గన్నొకటుందండి. బారెల్ వంచి గుండు పెట్టేది. కొబ్బరి తోటలో ఉడతల్ని బెదిరిద్దామని కొన్నారంట ఆ రోజుల్లో. 86 వరదలప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చేస్తే మా అమ్మ పంచెలో చుట్టి అటకెక్కించింది. అక్కడే ఉండిపోయిందండి ఇన్నేళ్లూ. ఇప్పుడు మనవడు హైదరాబాద్ నుంచి సెలవులకొచ్చి, తాతయ్యా అది దింపు అని ఒకటే పోరు...

కోచ్: చెప్పండి, ఇబ్బందేంటి?

రాజోలు కాలర్: అదే చెప్తున్నానండి. దింపితే తుప్పు. మా ఏటిగాలికి ఇనుము ఆగదు కదండి. సరే అని కొబ్బరి నూనె పట్టించాం. బయటా, లోపలా. బారెల్ వంచితే సిలిండర్లోకి కన్నం కనపడుద్ది కదండి, అందులోకి ఓ చెంచాడు పోశాను. అప్పట్నుంచి కాలిస్తే సీమటపాకాయ పేలినట్టు పేలుతోందండి! నీలంగా పొగ. వేయించిన కొబ్బరి వాసన. ఇంట్లో ఆడాళ్లు హడలిపోయారు. మందు లేని తుపాకీ ఎలా పేలుతుందండి బాబూ?

కోచ్: మీ పొలంలో ఆయిలింజను ఉండేదా అండి?

రాజోలు కాలర్: ఉండేదండి. ఇప్పుడు కరెంటు మోటారు.

కోచ్: ఆ ఇంజనుకి స్పార్కు ప్లగ్గుందా?

రాజోలు కాలర్: లేదండి. డీజిలు కదా.

కోచ్: మరి డీజిలు దేనికంటుకుంటోంది? గాలిని ఒక్కసారిగా నొక్కితే ఆ వేడికి. మీ గన్నులోనూ అదే. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్ని తోస్తుంది, ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి కాగిపోతుంది. మీరు పోసిన నూనె అందులో తుంపరగా ఉంది, భగ్గుమంటుంది. మావాళ్లు దీన్ని డీజిలింగ్ అనే అంటారు. ఆ మంట తోపుకి గుండు ధ్వని కంటే వేగంగా బయటికొస్తుంది. మీకు వినపడే ఆ చెళ్లు అదే.

రాజోలు కాలర్: ధ్వని కంటే వేగంగానా!

కోచ్: ఎడ్లబండి తోలేవాడి చర్నాకోల చెళ్లుమనేది ఎందుకు? ఎద్దుకి తగిలి కాదు. గాల్లోనే చెళ్లుమంటుంది. కొస ధ్వని వేగాన్ని దాటేస్తుంది కాబట్టి. గుండూ అంతే. నెమ్మదిగా పోయే గుండుకి ఆ చెళ్లు ఉండదు.

రాజోలు కాలర్: ఓహో. అంటే కొబ్బరి నూనె పనికిరాదన్నమాట. కుట్టుమిషను నూనె పొయ్యమంటారా?

కోచ్: ఏ నూనే పొయ్యొద్దండి. కొబ్బరి, కుట్టుమిషను, ఇంజనాయిలు, ఏదీ లోపలికి వద్దు. గాలి నలిగే ఆ కన్నంలో నూనె పొయ్యకండి. ఇలాగే కాలుస్తూ పోతే పిస్టన్‌కుండే వాషర్ మాడుతుంది, స్ప్రింగు విరుగుతుంది, గుండు ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతుంది. ముందు గన్ను రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. విప్పి, లోపలంతా ఆరగా తుడిచి, వాషర్ చూస్తారు. మీరు విప్పకండి. లోపల స్ప్రింగు నొక్కి బిగించి ఉంటుంది, వదిలితే మొహం మీదకొస్తుంది.

రాజోలు కాలర్: సరేనండి. మా మనవడికి ఇదంటే ప్రాణమండి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా గారికి బంగారు పతకం వచ్చింది కదండి, ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో. ఆయన గన్నూ ఎయిర్ గన్నే కదండి?

కోచ్: పది మీటర్ల ఎయిర్ రైఫిలే. 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ గారికి కాంస్యం వచ్చిందీ అందులోనే. ఆ టార్గెట్లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరండి. ఆవగింజ కంటే చిన్నది. దానికి వేగం అక్కర్లేదు, ప్రతి గుండూ ఒకే వేగంతో పోవాలి. అందుకే వాళ్ల రైఫిళ్లు అంత మెత్తగా కాలుతాయి. మీ గన్ను చెళ్లుమంటోందంటే గుండుకో వేగంతో పోతోందని అర్థం. ఆ గన్నుతో బాబు ఎంత శ్రద్ధగా కొట్టినా గురి కుదరదు, తప్పు తనదనుకుని దిగులుపడతాడు.

రాజోలు కాలర్: అయ్యో, నిజమేనండి. నిన్న ఏడ్చాడు కూడా. సరేగానండి, మరి తుప్పు? ఎన్ని చుక్కలు వెయ్యమంటారు?

కోచ్: తాతగారూ, చుక్కల్లేవండి! పైన ఇనుముకి గుడ్డతో పల్చగా రాసి, తుడిచెయ్యండి. చెయ్యి పెడితే జిడ్డు అంటకూడదు. లోపలికి మాత్రం నూనె పొయ్యకండి. రిపేరు చేసినాయన తోలు వాషర్ ఉందంటే, దానికి ఏం కావాలో ఆయనే వేసిస్తాడు. పంచెలో చుట్టకండి, గుడ్డ చెమ్మ పీలుస్తుంది.

రాజోలు కాలర్: అలాగేనండి.

కోచ్: ఇంకో రెండు మాటలు వినండి. గుండు లేకుండా ఉత్తినే కాల్చనివ్వకండి, పిస్టన్ వెళ్లి ఇనుముకి గుద్దుకుంటుంది. బారెల్ వంచి గుండు పెట్టేటప్పుడు రెండో చేత్తో బారెల్ గట్టిగా పట్టుకుని ఉండాలి. జారిందంటే తలుపు సందులో పడ్డట్టు వేళ్లు నలుగుతాయి. చిన్న వేళ్లు కదా. తోటలో కొట్టేటప్పుడు వెనకాల ఏముంటుంది?

రాజోలు కాలర్: ఏటిగట్టండి. మట్టి గట్టు.

కోచ్: మంచిది. గట్టు మీద ఎవరూ నడవని వేళ చూసుకోండి. ఉడతల మీదకి మాత్రం వద్దు, కాగితం మీదే.

రాజోలు కాలర్: ఆయ్. మా మనవడు పక్కనే విన్నాడండి. థాంక్సండి.

యాంకర్: కాకినాడ నుంచి ఇంజనీరింగ్ విద్యార్థి.

కాకినాడ కాలర్: సార్, ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు అని చదివాం. ఎండల్లో మారుతుందా?

కోచ్: మారుతుంది బాబూ. సున్నా డిగ్రీల దగ్గర సెకనుకి 331 మీటర్లు, డిగ్రీకి సుమారు 0.6 పెరుగుతుంది. మన మధ్యాహ్నం 35 డిగ్రీలకి 352 వేసుకో. 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో వాడే పాయింట్ టూటూ, అంటే 0.22 అంగుళాల మందు తూటాలు 320, 330 దగ్గర పోతాయి, ధ్వనికి లోపే. చప్పుడు కోసం కాదు, గురి కోసం. ధ్వని వేగం దాటి, మళ్లీ దారిలో కిందికి దిగే గుండు ఆ దిగేచోట అటూ ఇటూ ఊగుతుంది. ఎయిర్ గన్నుల్లోనూ మరీ తేలిక పెల్లెట్లు వెయ్యొద్దనేది ఇందుకే. కొంచెం బరువైన సీసం పెల్లెట్ నెమ్మదిగా, నిలకడగా పోతుంది.

యాంకర్: ఆకివీడు. చెప్పండి.

ఆకివీడు కాలర్: చెరువులండి మాకు. నీటికాకులు, కొంగలు చేపపిల్లల్ని ఉంచట్లేదు. మాకు లైసెన్సున్న పాయింట్ టూటూ ఉందండి. తూటాలో మందు తగ్గించి ఇంట్లోనే నింపుకుంటే చప్పుడు రాదని, సైలెన్సర్ కూడా చేసుకోవచ్చని ఫోన్లో వీడియో చూశాను...

కోచ్: ఆగండి. అక్కడే ఆగండి. ఆ తూటాకి మందుని అంటించే మసాలా అడుగు అంచులోనే ఉంటుంది, ఒకసారి కాలిస్తే దాని పని అయిపోయింది. ఇంట్లో మందు తగ్గించి చేసిన తూటా గొట్టం సగంలో ఇరుక్కుంటుంది. అది తెలీక రెండోది కాలిస్తే గొట్టం మొహం దగ్గర చీలుతుంది. మీ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి, తూటాలు తయారు చెయ్యడానికి కాదు. 1959 ఆయుధాల చట్టంలో చప్పుడు తగ్గించే పరికరాన్ని కూడా తుపాకీ కిందే లెక్కేశారు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా ఇలాంటివి తయారు చేస్తే కనీసం ఏడేళ్లు జైలు. వీడియో పెట్టినవాడు మీతో పాటు లోపలికి రాడు.

ఆకివీడు కాలర్: అంత ఉందని తెలీదండి. మరి పిట్టలు...

కోచ్: పిట్టల్ని చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద వేరే కేసు. మీ పక్కనే కొల్లేరు, 1999 నుంచి అభయారణ్యం. అయినా పిట్ట బెదిరేది చప్పుడుకే కదండీ, చప్పుడు లేకుండా మీరేం చేద్దామని? చేపపిల్లలున్న చెరువు మీద నైలాన్ దారాలు అడ్డంగా లాగండి, నర్సరీ చెరువుకి పైన వల కప్పండి. ఇక నీళ్ల మీదకి కాల్చిన గుండు పెంకు విసిరినట్టు ఎగిరి అవతల గట్టు దాకా పోతుంది. అక్కడ మేత వేస్తున్న మనిషుంటాడు. వెనకాల ఏముందో చూడమని నేను ఇందుకే మొత్తుకునేది. దయచేసి ఆ పని చెయ్యకండి.

యాంకర్: సమయం తక్కువుంది. అమలాపురం నుంచి ఒక అమ్మ.

అమలాపురం కాలర్: నమస్తే సార్. మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానంటోంది. లైసెన్సు కావాలా? సీసం అంటే భయంగా ఉంది.

కోచ్: 2016 నిబంధనల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ల లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదమ్మా. కొనేటప్పుడు గుర్తింపు కార్డు అడుగుతారు, ఇవ్వండి. సీసం గురించి మీ భయం సరైనదే. కొందరు పిల్లలు పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుని లోడ్ చేస్తుంటారు, ఆ అలవాటు అస్సలు వద్దు. అయిపోగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫినైనా, నీళ్లైనా. గుండ్లు తగిలే చోట రాలిన సీసం పొడిని చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడిచి పారెయ్యండి. పాకే పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు ఆ గదిలోకి రావద్దు. అమ్మాయిని పంపండమ్మా, నేర్చుకోనివ్వండి.

అమలాపురం కాలర్: చాలా థాంక్స్ సార్. వెనకాల మాకు ఇటుక గోడే ఉంది.

కోచ్: అడక్కుండానే చెప్పారు. సంతోషం తల్లీ.

యాంకర్: కోచ్ గారికి ధన్యవాదాలు. తణుకు కాలర్ గారూ, లైన్ కలవలేదు, ఏమీ అనుకోకండి. వచ్చే ఆదివారం మొదటి ఫోన్ మీదే.