రశీదు పుస్తకం ఎవరి దగ్గరుంది?

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో మీ నాటక సమాజం ఆఫీసు ఎక్కడండీ అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. మా ఇంటి మెట్ల కింద రెండు ట్రంకుపెట్టెలు, అదే ఆఫీసు. ఒకదాంట్లో కిరీటాలు, గదలు, కృష్ణుడి పట్టుపంచె. రెండోదాంట్లో హార్మోనియం, దానికి రెండు మెట్లు పలకవు. ఆదివారం పొద్దున ఒక సభ్యుడి అపార్ట్‌మెంటు సెల్లారులో రిహార్సల్. పద్యం ఎత్తుకుని రాగం తీసేలోపే పైనుంచి ఎవరో సెక్యూరిటీకి ఫోన్ చేసేస్తారు.

ఉగాదికి చందాలు వసూలు చేసి, హాలు అద్దె, మైకు, మేకప్ ఖర్చులు వెళ్లదీసేవాళ్లం. తగ్గితే సెక్రటరీ జేబు ఉండనే ఉంది. అలా ఏళ్లు గడిచాక ఓసారి గ్రాంటుకు దరఖాస్తు పెట్టాం. తిప్పి పంపారు. నాటకం బాగాలేదని కాదు. సమాజం పేరుతో బ్యాంకు ఖాతా లేదు, చందా డబ్బు కోశాధికారి సొంత ఖాతాలో ఉంది. ఆడిట్ లెక్కలు అసలే లేవు. ఆ సాయంత్రం మీటింగులో, ఇంతకీ రశీదు పుస్తకం ఎవరి దగ్గరుంది అని అడిగాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను లెండి.

కళలకు ఇచ్చే డబ్బు ఎక్కడా లేక కాదు. కేంద్ర సాంస్కృతిక శాఖకు గురుశిష్య పరంపర పథకం ఉంది: గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా. ప్రదర్శనలకు, ఉత్సవాలకు మరో పథకం ఉంది, మామూలుగా 5 లక్షల వరకు. 1993లో ఇక్కడే పుట్టిన ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి కళాకారులకు, పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తోంది. ఈ నగరం మీద చేసే పనుల కోసం దానికి ప్రాజెక్ట్ 560 అని ఒకటుంది. 560 అంటే తెలిసిందేగా, మన పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలు.

ఇక కంపెనీలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో సంప్రదాయ కళలూ ఉన్నాయి. ఇన్ని కంపెనీలున్న ఊళ్లో ఇది చిన్న మాట కాదు. అయితే వాళ్లు మన పద్యం వినేముందు సొసైటీ రిజిస్ట్రేషన్, 12ఏ, 80జీ అని పిలిచే పన్ను రిజిస్ట్రేషన్లు (మొదటిది సంస్థకు పన్ను మినహాయింపు, రెండోది దాతకు పన్ను తగ్గింపు), మూడేళ్ల పని రికార్డు అడుగుతారు. కర్ణాటకలో సొసైటీ పెట్టడానికి ఏడుగురు చాలు. మా భీముడు, దుర్యోధనుడితో సహా మేం పద్నాలుగుమందిమి.

నా ఫిర్యాదల్లా ఒకటే. ఇచ్చేవాళ్లు నాటకానికి ఇస్తారు, సమాజానికి ఇవ్వరు. దుస్తులకు, తెరకు డబ్బొస్తుంది. నెలకు రెండు రోజులు కూర్చుని లెక్కలు రాసే మనిషికి, ఆడిటరు ఫీజుకు, చిన్న గది అద్దెకు రాదు. గది ముందు నిలబడి ఫోటో దిగితే ఏం బాగుంటుంది చెప్పండి! కానీ చిన్న సమాజాలు మూతపడేది ప్రదర్శన ఆగిపోయి కాదు, సెక్రటరీకి బదిలీ అయి. కాగితాలన్నీ ఆయన బీరువాతో పాటే వెళ్లిపోతాయి. గ్రాంటులో పదోవంతు ఈ ఖర్చుకని విడిగా, వరసగా మూడేళ్లు ఇచ్చి చూడమంటాను. ఆ తర్వాత లెక్క అడగండి, గట్టిగానే అడగండి.

మేం మాత్రం ఆగలేదు. సమాజం పేరుతో ఖాతా తెరిచాం, చెక్కుకు ఇద్దరి సంతకాలు. శకుని వేషం వేసే ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, లెక్కలు ఆయనకే అప్పగించాం. ఈ మార్చి 31తో మూడో ఆడిట్. రశీదు పుస్తకం ఇప్పుడు రెండో ట్రంకుపెట్టెలో, హార్మోనియం పక్కనే ఉంది.

సెలవు.