నల్ల కారు, ఒక అడుగు చోటు

శ్రోతలందరికీ నమస్కారం.

వీలుంటే ఇంట్లో ఒక స్టీలు కంచం తీసుకుని లైటు కింద పట్టుకోండి. కొత్తది కాదు, నాలుగైదేళ్లుగా రోజూ పీచుతో తోముతున్న కంచం. బల్బు వెలుగు పడిన చోట సన్నసన్న గీతలు గుండ్రంగా, సాలెగూడులా కనిపిస్తాయి. కంచాన్ని అటూ ఇటూ కదిపితే ఆ సాలెగూడు కూడా వెలుగుతో పాటే జరుగుతుంది. నల్ల కారు ఉన్నవాళ్లందరికీ ఈ సాలెగూడు తెలుసు. నీడలో ఉన్నంతసేపూ కారు నిగనిగలాడుతుంది. ఎండలోకి తీయగానే సూర్యుడి చుట్టూ వెయ్యి గీతలు లేస్తాయి.

మా ఇంట్లో అలాంటి నల్ల కారు ఒకటుంది. తొమ్మిదేళ్లది. నాన్న ఇష్టపడి, నలుపే కావాలని రెండు నెలలు ఆగి తెచ్చుకున్నారు. పోయిన ఏడాది నుంచి కంటిచూపు కాస్త తగ్గి నడపడం మానేశారు. కారు నా చేతికి వచ్చింది. దానికి మొదటిసారి నా చేత్తో మెషిన్ పాలిష్ పెట్టాను. ఆ రెండు రోజుల పని గురించి ఈ పదిహేను నిమిషాలూ మీతో మాట్లాడతాను. మధ్యలో ఒక మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. ముందు ఒక అడుగు చోటు. అంతే. ముందు ఒక అడుగు చోటు.

అసలు ఆ గీతలు గుండ్రంగా ఎందుకుంటాయి? నిజానికి అవి గుండ్రంగా లేవు. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా అన్ని వైపులా ఉన్నాయి. వెలుగుకు అడ్డంగా పడిన గీతలే మెరుస్తాయి, మిగతావి కంటికి ఆనవు. మెరిసినవన్నీ కలిసి దీపం చుట్టూ వలయంలా కనిపిస్తాయి. తెల్ల కారు మీదా ఇవే గీతలుంటాయి. కానీ తెలుపు మీద సుద్దగీత ఎవరికి కనిపిస్తుంది? నల్లబల్ల మీద గీస్తేనే కదా కనిపించేది.   

ఇప్పటి కారు రంగు గురించి ఒక్క సంగతి తెలుసుకోవాలి. రేకు మీద ముందు ప్రైమర్ అనే అడుగుపూత, దాని మీద నలుపు, ఆ నలుపు మీద గాజులాంటి పూత. దాన్నే క్లియర్ కోట్ అంటారు. కంపెనీ నుంచి వచ్చిన రంగులో ఈ పొరలన్నీ కలిపినా మందం సుమారుగా ఒక తెల్లకాగితమంత, లేదా కాస్త ఎక్కువ. అందులో పైనున్న క్లియర్ కోట్ మామూలుగా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కంటే పల్చన. మనం చూసే ఆ సాలెగూడు అంతా ఈ పల్చని పొరలోనే ఉంది.

పాలిష్ అంటే గీతను పూడ్చడం అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పూడ్చడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పూతను అరగదీయడం. చుట్టుపక్కలంతా గీత లోతుకు దిగితే గీత ఇక ఉండదు. అంటే పాలిష్ పెట్టిన ప్రతిసారీ ఆ వెంట్రుకంత పొరలో కొంచెం పోతుంది, పోయింది మళ్లీ రాదు. బ్యాంకులో అసలు తీసి ఖర్చుపెట్టడం లాంటిది. వడ్డీ కాదు, అసలు.

ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు. విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే ఒక మేస్త్రి గారు చేసి చూపించారు. మెషిన్ కొనాలి, ఏది కొనమంటారని అడగడానికి వెళ్లాను. ఆయన జవాబు చెప్పలేదు. షెడ్డు వెనక పడేసి ఉన్న పాత బానెట్ ఒకటి తెచ్చి రెండు స్టూళ్ల మీద పెట్టించారు. అదీ నలుపే.

"దీని మీద చెయ్యి బాబూ. ఏం పాడైనా పర్లేదు" అన్నారు.

నా చేతికిచ్చింది రోటరీ మెషిన్. ఒకే చోట గిరగిరా తిరిగే రకం, మన ఊళ్లలో రబ్బింగ్ పాలిష్ చేసేవాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేది. తెల్లటి ఉన్ని ప్యాడ్ బిగించి ఉంది. మధ్యలో బాగానే నడిచింది. అంచు దగ్గరికి వచ్చేసరికి మెషిన్ కాస్త ఒరిగింది. రెండు మూడు సెకన్లు. ఆయన స్విచ్ ఆపేసి ప్యాడ్ తిప్పి చూపించారు. తెల్లటి ఉన్నికి ఒక పక్క నల్లగా అంటింది. అది మురికి కాదు, రంగు. బానెట్ అంచు మీద గోరంత వెడల్పున బూడిదరంగు ప్రైమర్ బయటపడింది.

"అంచుల మీద పూత పల్చగా ఉంటది. వేడి అక్కడే ఎక్కువ పుడతది. ప్యాడ్‌కి రంగు అంటిందంటే పైకోటు దాటిపోయావని. అక్కడితో ఆగిపోవాలి. కాదు, అక్కడిదాకా రాకూడదు" అన్నారు.

ఆ బూడిదరంగు మచ్చ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అది మా కారు మీద పడి ఉంటే నాన్న మొహం చూడగలిగేవాణ్ణా? మొదటిసారి మెషిన్ పట్టుకునేవాళ్లు ఎవరైనా సరే, ముందు ఒక పాడైపోయిన రేకు సంపాదించండి. ఆటోనగర్ లాంటి చోట పాత డోర్లకు, బానెట్లకు కొదవ లేదు.

మెషిన్ సంగతి కూడా ఆయనే తేల్చారు. కొత్తవాళ్లకు డ్యూయల్ యాక్షన్ మంచిదన్నారు. డి.ఎ. అంటారు దీన్ని. ఇందులో ప్యాడ్ తిరుగుతూనే చిన్న వలయంలో ఊగుతుంది కూడా, అందుకని వేడి ఒకే చోట పోగవ్వదు. మరీ గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోయి ఊగుతూ మాత్రమే ఉంటుంది. అది తెలియడానికి ప్యాడ్ బిగించే ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టుకోమన్నారు. గీత తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతున్నట్టు. గీత నిలబడిపోతే చెయ్యి బరువు తగ్గించాలి.

ఇక ఇంటికి వద్దాం. శనివారం పొద్దున్నే వరండా నీడలో కారు పెట్టాను. నీడ తప్పనిసరి. నల్ల రేకు ఎండలో పెనంలా కాలుతుంది, పాలిష్ వేసీ వేయగానే ఎండి పిండిలా అయిపోతుంది. షాంపూతో కడిగాను. ఆరాక అరచేత్తో నిమిరితే ఇంకా గరగరలాడింది. దుమ్ము కాదు, పూతలో దిగబడిన మొండి మురికి. నీళ్లు చల్లుతూ క్లే బార్‌తో, అంటే మట్టిముద్దలాంటి మెత్తని ముక్కతో, మెల్లగా రుద్దితే అది వదిలింది, రేకు గాజులా నున్నగా అయింది. అంచులకు, నల్ల ప్లాస్టిక్ భాగాలకు, రబ్బర్లకు మాస్కింగ్ టేప్ వేశాను. ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. మెషిన్ ఇంకా డబ్బాలోనే ఉంది.

నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తున్నారు. "ఎప్పుడు మొదలుపెడతావురా?" అన్నారు.

"ముందు ఒక అడుగు చోటు చూసుకుంటాను నాన్నా."

బానెట్ నడిమధ్య, ఎటు చూసినా అంచుకు దూరంగా, అడుగు పొడవు అడుగు వెడల్పు చోటుకు టేప్‌తో చట్రం కట్టాను. నా దగ్గర రెండు రకాల ప్యాడ్లు, రెండు రకాల ద్రవాలు ఉన్నాయి. మెత్తని స్పాంజి ప్యాడ్, కాస్త గట్టిది. సన్న పాలిష్, గరుకు కాంపౌండ్. గరుకుదానితో మొదలుపెడితే గీతలు తొందరగా పోతాయి, నిజమే. కానీ సన్నదానితోనే పోయేవి అయితే, ఆ అసలంతా ఎందుకు ఖర్చుపెట్టినట్టు? అందుకని మెత్తని ప్యాడ్, సన్న పాలిష్. బఠానీ గింజంత చుక్కలు నాలుగు. ప్యాడ్‌ను రేకు మీద ఆనించాకే స్విచ్ వేయాలి, లేకపోతే ఆ చుక్కలన్నీ మన చొక్కా మీద ఉంటాయి. తీగ భుజం మీదుగా వెనక్కి వేసుకోవాలి, వేలాడితే అదే రేకును గీస్తుంది. తక్కువ వేగంలో పరిచి, వేగం పెంచి, నాగలి చాళ్లలాగా పక్కపక్కనే, సగం మీద సగం పడేలా, అడ్డంగా రెండుసార్లు, నిలువుగా రెండుసార్లు. మెల్లగా. చేతికి మెల్లగా అనిపించిన దానికంటే ఇంకా మెల్లగా.

తుడిచాను. అద్దంలా ఉంది. నాన్న కూడా లేచి వచ్చి బాగుందన్నారు. కానీ ఇక్కడే మేస్త్రి గారు చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. పాలిష్‌లో నూనె ఉంటుంది, ఆ నూనె గీతల్లో నిండి వాటిని దాచేస్తుంది. నాలుగుసార్లు కడిగితే నూనె పోతుంది, గీతలు మళ్లీ వస్తాయి. ఆ నూనె వదలడానికి నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి మెత్తని గుడ్డతో అద్దాను. టార్చి వేసి చూశాను. సాలెగూడు సగం పోయింది, సగం అక్కడే ఉంది.

చాలలేదు. అప్పుడు మార్చింది ఒక్క ప్యాడ్ మాత్రమే. ద్రవం అదే, వేగం అదే, నాలుగు సార్లూ అవే. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మనకు తెలియదు కదా. గట్టి ప్యాడ్‌తో ఇంకోసారి, అదే అడుగు చోట. తుడిచి, ఆల్కహాల్ వేసి, టేప్ తీసి, టార్చి పట్టాను.

ఆ దృశ్యం మాటల్లో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. టేప్ గీతకు ఇవతల మబ్బుపట్టినట్టు బూడిద కలిసిన నలుపు, అందులో వెయ్యి వెంట్రుకలు. అవతల, బావిలోకి తొంగిచూస్తే లోపల నీళ్లుంటాయే, ఆ నలుపు. టార్చి వెలుగు ఒక్క తెల్లటి చుక్కగా నిలబడింది. దాని చుట్టూ ఏమీ లేదు. కొన్నప్పుడు ఇది ఇంత నలుపు అని నేను మర్చిపోయాను. నాన్న మర్చిపోలేదు. "ఆ రోజు ఇలాగే ఉందిరా" అన్నారు.

గరుకు కాంపౌండ్ డబ్బా మూత కూడా తీయలేదు. ఆ అడుగు చోటు చెప్పిన పద్ధతే కారంతా. చిన్నచిన్న ముక్కలుగా చేసుకుంటూ, ప్రతి ముక్కకూ ప్యాడ్‌ను బ్రష్‌తో దులుపుతూ, ఆదివారం సాయంత్రం దాకా పట్టింది. బంపర్ల మీద ఇంకా తేలిగ్గా పోనిచ్చాను, ప్లాస్టిక్‌లో వేడి చెదిరిపోదు, రంగు తొందరగా కాలుతుంది. మిగతా భాగాల గురించి విడిగా చెప్పేదేమీ లేదు.

ఒక్క చోట తప్ప. డ్రైవర్ వైపు డోర్ హ్యాండిల్ వెనక గుంటలో ఒక లోతైన గీత ఉంది. నాన్న ఉంగరం గీసుకున్న గీత. గోరు పెట్టి లాగితే గోరు ఆగింది. గోరు ఆగిందంటే పాలిష్‌తో పోయే గీత కాదు. పోగొట్టాలని చూస్తే గీత కంటే ముందు పూత పోతుంది.

"అంతా పోయింది, అదెందుకు పోదు?" అని అడిగారు నాన్న.

"ఇది లోతు ఎక్కువ నాన్నా. ముట్టుకోకపోవడమే మంచిది."

మరి ఈ సాలెగూడు ఎక్కడి నుంచి వచ్చింది? ఇది చెప్పడం నాకు కొంచెం కష్టమే. తొమ్మిదేళ్లు, రోజూ పొద్దున్నే, నాన్న ఒక పసుపు రంగు గుడ్డతో కారు తుడిచేవారు. పొడి గుడ్డ. రాత్రి పడిన దుమ్ము మీద పొడి గుడ్డ. దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, ప్రతి తుడుపుకూ ఆ ఇసుక రేకు మీద ఈడ్చుకుపోతుంది. కారు మీద ప్రేమ లేనివాడి కారుకు ఇన్ని గీతలు పడవు, వాడు తుడవనే తుడవడు కాబట్టి. అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో వరుసగా పదిహేను కార్లు తుడిచే కుర్రాళ్లను చూస్తుంటాం. తప్పు వాళ్లది కాదు, రెండో బకెట్ మనం ఇవ్వం. ఒక బకెట్‌లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. ముందు పైపుతో దుమ్ము కొట్టేసి, ఆ తర్వాతే గుడ్డ పెట్టాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఎండలో ఆరనివ్వకుండా వెంటనే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో అద్దేయాలి, లేకపోతే తెల్ల మచ్చలు పడతాయి.

సోమవారం పొద్దున లేచి వరండాలోకి వచ్చాను. నల్లటి బానెట్ మీద అప్పుడే పల్చగా దుమ్ము పడి ఉంది. నాన్న నాకంటే ముందే లేచారు. చేతిలో పసుపు గుడ్డ ఉంది. కారు పక్కన నిలబడి ఉన్నారు, ఇంకా గుడ్డ ఆనించలేదు.

"పైపు ఎక్కడ పెట్టావురా?" అన్నారు.

నేను కొళాయి తిప్పాను. ఆయన పైపు పట్టుకున్నారు.

నమస్కారం.