ఆ ఏడు సెకన్లు అక్కడే నిలబడండి

(బెంగళూరు స్టూడియోలో జరిగిన తెలుగు చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: ఎన్నికల విధుల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేసి రిటైరైన మాస్టారు, ఒక న్యాయవాది, వైట్‌ఫీల్డ్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. దేశమంతా వాడే ఓటింగ్ యంత్రాలను తయారుచేసేవి రెండే సంస్థలు. ఒకటి హైదరాబాదు ఈసీఐఎల్, రెండోది మన బెంగళూరు బీఈఎల్. అయినా 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నగరంలోని ఉత్తర, మధ్య, దక్షిణ నియోజకవర్గాల్లో పోలింగు 54 శాతం దగ్గరే ఆగిపోయింది. వెళ్లినవాళ్లయినా లోపల ఏం జరుగుతోందో గమనిస్తున్నారా? బాబూ, మీ అనుభవంతో మొదలుపెడదాం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: మాది అనంతపురం మేడమ్. ఇక్కడ ఓటు వేసింది ఒక్కసారే. అట్ట అడ్డుపెట్టిన చోటికి వెళ్లి బటన్ నొక్కాను. లైటు లేదు, శబ్దం లేదు. మళ్లీ నొక్కాను. వెనక క్యూ చూస్తే టెన్షన్. ఇంతలో అక్కడున్నాయన "ఇంకా బ్యాలట్ ఇవ్వలేదు, ఆగండి" అన్నారు. బ్యాలట్ ఇవ్వడమంటే ఏంటో ఇప్పటికీ తెలీదు.

మాస్టారు: మంచి ప్రశ్న నాయనా. మీరు నొక్కేది బ్యాలట్ యూనిట్. దానికి కేబుల్‌తో కలిపిన కంట్రోల్ యూనిట్ మా బల్ల మీద ఉంటుంది. మొదటి అధికారి మీ గుర్తింపు కార్డు చూసి పేరు, వరుస సంఖ్య గట్టిగా చదువుతాడు. అభ్యర్థుల తరఫున కూర్చునే పోలింగ్ ఏజెంట్లు వినాలని అలా చదవడం. రెండో అధికారి ఎడమ చూపుడువేలికి సిరా పెట్టి, 17ఏ రిజిస్టర్లో సంతకం తీసుకుని చీటీ ఇస్తాడు. ఆ చీటీ తీసుకున్నాక, కంట్రోల్ యూనిట్ దగ్గరున్న అధికారి 'బ్యాలట్' అనే మీట నొక్కుతాడు. అప్పుడే మీ ముందున్న యూనిట్లో పచ్చ లైటు వెలుగుతుంది. ఆ లైటు లేకుండా ఎన్నిసార్లు నొక్కినా ఓటు పడదు. పడ్డాక పదిసార్లు నొక్కినా రెండోది పడదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: పచ్చ లైటు చూసి నొక్కాలన్నమాట. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది.

మాస్టారు: నొక్కాక ఇంకా ముఖ్యమైన పని ఉంది. అభ్యర్థి పేరు పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది. పక్కనే వీవీప్యాట్ యంత్రం అద్దంలో చిన్న చీటీ కనబడుతుంది. వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉంటాయి. ఏడు సెకన్లు నిలిచి, తెగి లోపలి పెట్టెలో పడుతుంది. బీప్ వినిపిస్తుంది. నేను డ్యూటీలో చూసింది చెబుతున్నా, చాలామంది బటన్ మీద వేలు తీసీ తీయకముందే వెనక్కి తిరిగేస్తారు. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆ అద్దం మీ కోసమే పెట్టారయ్యా, చూడండి!

న్యాయవాది: ఆ అద్దం ఊరికే రాలేదు. 2013లో నాగాలాండ్ నోక్‌సెన్ ఉపఎన్నికలో వీవీప్యాట్‌ను మొదటిసారి వాడారు. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు కాగితం ఆధారం తప్పనిసరి అంది. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి అన్ని బూత్‌లకూ వచ్చింది. చంద్రబాబు నాయుడు, ఇతర ప్రతిపక్ష నేతలు సగం చీటీలు లెక్కించాలని కోర్టుకెళ్లారు. ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటులో ఒక బూత్‌కు బదులు ఐదు బూత్‌ల చీటీలు లెక్కించమంది కోర్టు. అన్నీ లెక్కించాలన్న వాదనను 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చింది. సరిగ్గా ఆ రోజే బెంగళూరులో పోలింగ్.

వ్యాఖ్యాత: నొక్కిన గుర్తు ఒకటి, చీటీలో వచ్చింది ఇంకొకటి అయితే?

న్యాయవాది: బయటికి రాకుండా అక్కడే ప్రిసైడింగ్ ఆఫీసరుకు చెప్పాలి. 49ఎంఏ నిబంధన ఉంది. రాతపూర్వకంగా ప్రకటన ఇస్తే, ఏజెంట్ల ముందు టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజమని తేలితే ఆ యంత్రంలో పోలింగ్ ఆపేస్తారు. అబద్ధమని తేలితే శిక్ష ఉంటుంది. ఈ శిక్ష మాట నాకు నచ్చదు. నిజంగా తేడా చూసిన మామూలు మనిషి కూడా 'నాకెందుకొచ్చిన గొడవ' అని వెళ్లిపోతాడు.

మాస్టారు: అమ్మా, ఆ భయం లేకపోతే ఎవరైనా గొడవ పెట్టి బూత్ ఆపేయరా? బయట వంద మంది ఎండలో నిలబడి ఉంటారు.

న్యాయవాది: ఆపాలని చూసేవాళ్లు ఉంటారు, కాదనను మాస్టారూ. కానీ పొరబడినవాణ్నీ, కావాలని అబద్ధమాడినవాణ్నీ ఒకే గాటన కట్టకూడదు.

వ్యాఖ్యాత: ఇది తేలేది కాదు. ముందే మన పేరుతో ఎవరో ఓటేసి ఉంటే?

న్యాయవాది: తిరిగి వెళ్లిపోకండి. మీరే అసలు ఓటరని రుజువైతే కాగితం బ్యాలట్ ఇస్తారు. దాన్ని టెండర్డ్ ఓటు అంటారు, యంత్రంలో వేయనివ్వరు. మామూలు లెక్కింపులో అది కలవదు, కోర్టు అడిగితేనే తెరుస్తారు. అయినా వేయండి. మీకు జరిగిన మోసం రికార్డులో ఉండాలి కదా.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: ఊళ్లో ఓటు అలాగే ఉంచి ఇక్కడ కూడా నమోదు చేసుకోవచ్చా? మా ఆఫీసులో చాలామంది అలాగే ఉన్నారు.

న్యాయవాది: కుదరదు. ఒక మనిషికి ఒక్కచోటే. ఫారం 8 పెట్టి మార్చుకోండి.

వ్యాఖ్యాత: యంత్రంలో ముందే ఓట్లు వేసి పెడతారన్న అనుమానం చాలామందికి ఉంది మాస్టారూ.

మాస్టారు: ఏడింటికి పోలింగ్ అంటే ఐదున్నరకే ఏజెంట్ల ముందు మాక్ పోల్ మొదలుపెడతాం. కనీసం యాభై ఓట్లు వేయించి, ఫలితం చూపించి, చెరిపేసి, సున్నా చూపించి సీలు వేస్తాం. అప్పుడు పడిన వీవీప్యాట్ చీటీలు తీసి నల్ల కవరులో పెడతాం. సాయంత్రం 'క్లోజ్' నొక్కాక మొత్తం ఓట్లు 17సీ ఫారంలో రాసి ఏజెంట్లకు కాపీ ఇస్తాం. 17ఏలోని సంతకాలకూ యంత్రంలోని సంఖ్యకూ పొంతన కుదరాలి. ఒక్కటి తేడా వచ్చినా నాకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. పార్టీలు ఐదున్నరకు ఏజెంట్లను పంపకపోవడమే నాకు బాధ.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: చివరిగా ఒకటి మాస్టారూ. మా అమ్మ పేరు ఇక్కడికే మార్పించాను. చూపు బాగా తగ్గింది. నేను తోడు వెళ్లవచ్చా?

మాస్టారు: వెళ్లవచ్చు. చూపులేక గుర్తులు పోల్చుకోలేనివాళ్ల వెంట పద్దెనిమిదేళ్లు నిండిన ఒకరిని రానిస్తారు. ఆమె ఎవరికి వేశారో బయట చెప్పనని రాసివ్వాలి. ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్లకూడదు. బ్యాలట్ యూనిట్ మీద బ్రెయిలీ అంకెలూ ఉంటాయి. అమ్మ వయసెంత?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: డెబ్బై ఆరు.

మాస్టారు: ఎనభై ఐదు దాటితే ఇంటికే వచ్చి ఓటు వేయించుకునేవాళ్లు. అయితే మీరే తీసుకెళ్లండి, పొద్దున్నే. లోపల ఆమె చెప్పిన పేరు పక్కనే నొక్కండి. చీటీలో ఏముందో ఆమె చెవిలో చదివి చెప్పండి.